ఆనెగొంది – హంపి – ఆనెగొంది: మావయ్యతో ఒక రోజు సైకిల్ ప్రయాణం

సంక్రాంతి వెళ్లాక వచ్చిన శనివారం, అంటే 2025 జనవరి 18న, నేనూ మా మావయ్యా తుంగభద్రకు రెండు ఒడ్డులా ఉన్న పాత విజయనగరాన్ని సైకిళ్ల మీద చుట్టి వచ్చాం. ఆనెగొందిలో బయలుదేరి, కడేబాగిలు వంతెన మీదుగా నది దాటి, బుక్కసాగరం, కమలాపురం, హంపి చూసుకుని, తళారిఘట్ట దగ్గర పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, మళ్లీ నది దాటి ఆనెగొంది చేరాం. మొత్తం నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఉదయం ఆరుంబావుకు మొదలై సాయంత్రం ఐదు దాటాక ముగిసింది.

కారులో ఈ చోట్లన్నీ నేను ఇంతకుముందే చూశాను. కానీ ఒక గుడికీ ఇంకో గుడికీ మధ్య ఏముందో కారులో తెలియలేదు. మధ్యలో ఉన్నవి పొలాలు, అరటి తోటలు, వాటికి నీళ్లిచ్చే కాలువలు. అవీ విజయనగర కాలం నాటివే, ఇప్పటికీ పారుతున్నాయి. ఈ దారి పట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మావయ్య సంగతి కొంచెం చెప్పాలి. మా తాతయ్య పశ్చిమ గోదావరిలో ఉన్న కాస్త పొలం అమ్మి, తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి దగ్గర భూమి కొన్నారు. అప్పట్లో గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి అలా వచ్చినవాళ్లు చాలామందే. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. సంక్రాంతికి అక్కడి ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు చూస్తే భీమవరం పక్కన ఉన్నామనిపిస్తుంది. మావయ్యకు ఇప్పుడు అరవై దాటాయి. చిన్నప్పటి నుంచి పొలానికి సైకిల్ మీదే తిరిగారు. హంపికి మాత్రం ఆయన వెళ్లేది ఇంటికి చుట్టాలొస్తే వాళ్లను తీసుకెళ్లడానికే.

నాకు నలభై ఆరేళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. కిందటేడు పరీక్షల్లో షుగర్ హద్దు మీద ఉందని చెప్పాక సైకిల్ తొక్కడం మొదలుపెట్టాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో తెరిచారు, ఆదివారాలు అక్కడికి వెళ్లేదాన్ని. నీడ, నున్నటి దారి, పక్క నుంచి వాహనాల గోల లేదు. దూరం అలవాటు కావడానికి అది బాగానే పనికొచ్చింది. రోడ్డు మీద పక్క నుంచి లారీ పోతే చేతులు బిగుసుకుపోకుండా ఉండటం మాత్రం ఆ ట్రాక్ నేర్పదు. అందుకని డిసెంబర్‌లో రెండు మూడు వారాలు పొద్దున్నే మామూలు రోడ్ల మీదకు వెళ్లాను. మీరూ ఏసీ జిమ్ సైకిల్ మీదో, ట్రాక్ మీదో మాత్రమే తొక్కుతుంటే ఈ పని ముందు చేయండి.

పండక్కి వెళ్లినప్పుడు భోజనాల దగ్గర ఈ మాట ఎత్తాను. అత్తయ్య వద్దంది. మావయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేనూ వస్తాను అమ్మాయ్. నా సైకిల్ ఉందిగా," అన్నారు. ఆయన సైకిల్ గేర్లు లేని పాత నల్ల సైకిల్. వెనక క్యారియర్ మీద యూరియా బస్తా కట్టేది. ఆ రాత్రి నాకు ఆయన మోకాళ్ల గురించే టెన్షన్.

సైకిల్ అద్దెకు తీసుకోవడంలోనే మొదటి చికాకు. శుక్రవారం సాయంత్రం నదికి ఉత్తరం వైపు ఒక దుకాణానికి వెళ్లాం. గేర్ల సైకిల్ రోజుకు 400, డిపాజిట్ 2000, ఆధార్ జిరాక్స్. ఇచ్చిన సైకిల్ వెనక బ్రేకు పట్టడం లేదు. మార్చమంటే, "అందరూ ఇదే తీసుకెళ్తారు మేడం," అన్నాడు అబ్బాయి. మావయ్య కన్నడంలో గట్టిగా మాట్లాడాక ఇంకోటి తెస్తానని వెళ్లాడు. నలభై నిమిషాలు బయట నిలబడ్డాం. రెండోది మెరుగే, కాకపోతే సీటు నాకు చాలా ఎత్తు. స్పానర్ అడిగి నేనే దించుకున్నాను. పది నిమిషాలు అక్కడే అటూ ఇటూ తొక్కి, బ్రేకులు, గేర్లు అన్నీ చూసుకుని, సైకిల్‌కు నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాను. ఆ ఫోటోలు తర్వాత అక్కరకొచ్చాయి. రాత్రి ఆనెగొందిలో ఒక ఇంట్లో గది తీసుకున్నాం, 1200. భోజనం జొన్నరొట్టె, పల్లీల పొడి, వంకాయ కూర.

పొద్దున్న ఆరుంబావుకు బయటికొస్తే చలి. శాలువా కప్పుకునేంత చలి జనవరిలో అక్కడ ఉంటుందని అనుకోలేదు. సూర్యుడు రాగానే ఆ చలి పోయింది, పదింటికి ఎండ చురుక్కుమంది. కాబట్టి లోపల పలుచని పొడుగు చేతుల చొక్కా, పైన తీసేసి కట్టుకునేలా ఒక స్వెటర్ ఉంటే చాలు.

ఆనెగొందిలో రంగనాథస్వామి గుడి, దాని ఎదురుగా గగన్ మహల్, ఆ పక్కన రథం. విజయనగరం కంటే ముందే పేరున్న ఊరు ఇది. అయినా ఇప్పుడు ఇది మామూలు పల్లె. మహల్ ముందు గేదెలు కట్టేసి ఉన్నాయి, ఒకామె వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. ఊరి పాత కోట వాకిట్లోంచి సైకిల్ మీద బయటికి రావడం నాకెంతో నచ్చింది. అంజనాద్రి పడమటి వైపు దూరంగా కనిపించింది, కొండ మీద తెల్లటి గుడి. అక్కడికి 575 మెట్లు. ఆ కొండ ఎక్కడం ఈ రోజుతో కలపకండి. మెట్లు దిగిన కాళ్లతో సైకిల్ తొక్కడం కష్టం. మేము దాన్ని మర్నాటికి పెట్టుకున్నాం.

అక్కణ్నుంచి కడేబాగిలు దాకా రోడ్డు సన్నం, దాదాపు చదును. రెండు వైపులా వరి మళ్లు. ఊడ్పులు జరుగుతున్నాయి. మావయ్య ముందు, నేను వెనక. ఆయన పెడల్ తొక్కే తీరు చూస్తే నిన్న రాత్రి టెన్షన్ అంతా ఎందుకు పడ్డానా అనిపించింది. ఒకే వేగం, ఎక్కడా తొందర లేదు. నేను గేర్లు మార్చుకుంటూ ముందుకెళ్లి మళ్లీ ఆగేదాన్ని.

వంతెన మీద గాలి ఎదురు. నది సన్నగా ఉంది, మధ్యలో గుండ్రాళ్ల గుట్టలు, వాటి మీద కొంగలు. వంతెన మధ్యలో మావయ్య సైకిల్ ఆపి పైవైపు చూస్తూ నిలబడ్డారు. నాకు అర్థమైంది, ఆయన డ్యాం గురించి ఆలోచిస్తున్నారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ నంబర్ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు క్యాంపుల్లో ఎవరూ నిద్రపోలేదు. నిండిన జలాశయంలోంచి నీళ్లు అలా నదిలోకి పోతుంటే, సార్వా (వానాకాలం) పంట సగంలో ఉంది, దాళ్వా (రెండో పంట) సంగతి ఇక అడగక్కర్లేదు అనుకున్నారు. మన తెలుగాయనే, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చి, నీళ్లు పారుతుండగానే గేటు బదులు నీళ్లను ఆపే ఉక్కు పలకలు (స్టాప్‌లాగ్) దింపించారు. తర్వాత వానలకు డ్యాం మళ్లీ నిండింది. "ఆ పెద్దాయన లేకపోతే ఈ ఊడ్పులు లేవు అమ్మాయ్," అన్నారు మావయ్య. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు మారింది.

బుక్కసాగరం దాటాక చెరుకు బళ్లు, ట్రాక్టర్లు మొదలు. నాకు భయం వేసిన చోటు ఇదే. రోడ్డు సన్నం, ట్రాక్టర్ వెనక రెండు ట్రాలీలు, చెరుకు గడలు పక్కకు వేలాడుతూ. ట్రాక్టర్ ఇంజిన్ మనల్ని దాటిపోయాక ట్రాలీలు ఇంకా వస్తూనే ఉంటాయి. అది మొదటిసారి తెలిసినప్పుడు గుండె ఝల్లుమంది. తర్వాత నుంచి శబ్దం వినగానే మట్టి అంచుకు దిగి, ఒక కాలు నేల మీద పెట్టి ఆగేదాన్ని. దీనివల్ల ఇరవై నిమిషాలు ఆలస్యమై ఉంటుంది, అయినా నాకేం బాధ లేదు.

వెంకటాపురం దగ్గర కాలువ రోడ్డు పక్కకు వచ్చింది. మావయ్య సైకిల్‌కు స్టాండ్ వేసి గట్టు దిగారు. నేను నీళ్లు తాగుదామని ఆగాను. ఆయన ఎంతకీ పైకి రావడం లేదు. దిగి చూస్తే, పెద్ద పెద్ద రాళ్లు సున్నం లేకుండా పేర్చిన గట్టు, కింద పిక్కల్లోతు నీళ్లు, వాటి వేగం ఒకేలా ఉంది.

"చూడు అమ్మాయ్. గుండు అడ్డం వచ్చిన చోట గుండును పగలగొట్టలేదు. పక్కనుంచి తిప్పారు. అయినా పల్లం తప్పలేదు."

ఈ కాలువ డ్యాం కన్నా ఎంతో ముందుది, ఐదారు వందల ఏళ్ల నాటిది. నదిలో ఉన్న బండలనే ఆనుకుని అడ్డంగా ఆనకట్టలు కట్టి, అక్కడి నుంచి కాలువలు తీశారు. డ్యాం వచ్చాక వాటిలో కొన్ని మునిగిపోయినా, మిగిలినవాటికి డ్యాం నుంచి నీళ్లిస్తూ నడిపిస్తున్నారు. కొన్నిచోట్ల కొత్తగా కాంక్రీటు వేశారు. కాంక్రీటు మీద మావయ్యకు కోపం ఉంటుందనుకున్నాను. లేదు. చివరి మడికి నీళ్లందక రైతులు రాత్రిళ్లు కాపలా పడుకోవడం ఆయనకు తెలుసు, ఆయనా పడుకున్నారు. "నీళ్లు ఇంకిపోకుండా ఉంటాయి, మంచిదే. కానీ ఈ రాళ్లు అలాగే ఉంచి వేయొచ్చుగా," అన్నారు. పురావస్తు శాఖవాళ్లూ ఇరిగేషన్‌వాళ్లూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట ఇదేనని నాకు గట్టిగా అనిపించింది. గుడి గోపురం మీద ఒక రాయి కదిలిస్తే ఊరుకోం. కాలువ గట్టు రాయి కూడా ఆ రాజులు పెట్టించిందే.

కమలాపురం చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఉగ్గాణి (బొరుగుల ఉప్మా), మిరపకాయ బజ్జీలు, టీ. ఇద్దరికీ కలిపి 120. రాయలసీమవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగిలినవాళ్లు మాత్రం ఇక్కడ ఇడ్లీ కోసం వెతక్కండి. ఆ ఊరి చెరువు కూడా పాతదే. గట్టు మీద నిలబడితే ఒక వైపు నీళ్లు, ఇంకో వైపు ఆ నీళ్లతో పండే తోటలు.

అక్కడే నా ముందు చక్రం మెత్తబడింది. తుమ్మ ముల్లు. ఈ చుట్టుపక్కలంతా సర్కారు తుమ్మ పొదలే, ముళ్లు రోడ్డు అంచున పడి ఉంటాయి. ట్రాక్టర్లకు దారిచ్చి మట్టిలోకి దిగినప్పుడల్లా ఈ ప్రమాదం ఉంటుంది. పంక్చర్ షాపు తొమ్మిదిన్నరకు గానీ తెరవలేదు. అరగంట కూర్చున్నాం, 60 రూపాయలు. ఒక స్పేర్ ట్యూబ్, చిన్న పంపు వెంట ఉంటే ఆ అరగంట చల్లటి వేళలోనే మిగిలేది. మావయ్య టైర్లు మందం, వాటికేం కాలేదు.

రాణి స్నానాగారం, మహానవమి దిబ్బ, హజార రామాలయం కమలాపురం నుంచి హంపి వెళ్లే పాత దారిలో వరసగా వస్తాయి. వీటికి టికెట్ లేదు. పద్మ మహల్, ఏనుగుశాలలు ఉన్న ఆవరణకు టికెట్ ఉంది, 40 రూపాయలు. అదే టికెట్ ఆ రోజంతా విఠలాలయానికీ, కమలాపురం మ్యూజియానికీ పనిచేస్తుంది, పారేయకండి. ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఐదు రూపాయలు తక్కువ, అంతకన్నా ముఖ్యం లైను తప్పుతుంది. మాకు ఫోన్ సిగ్నల్ సరిగా లేక లైనులో ఇరవై నిమిషాలు నిలబడ్డాం. కాబట్టి ముందు రోజు రాత్రే తీసుకోవడం మేలు. సైకిళ్లు పెట్టడానికి ప్రత్యేకంగా చోటేమీ లేదు. రెండింటినీ కలిపి గొలుసు వేసి, కొబ్బరిబోండాల ఆయన దగ్గర పెట్టాం. బోండాలు తాగాం కాబట్టి ఆయన సంతోషంగానే చూసుకున్నాడు.

పద్మ మహల్ అందంగా ఉంది, ఫోటోలు తీసుకునేవాళ్ల రద్దీ కూడా అలాగే ఉంది. మేము ఎక్కువసేపు ఉన్నది మహానవమి దిబ్బ దగ్గర మెట్ల కోనేట్లో. 1980ల తవ్వకాల్లో బయటపడింది ఇది. నల్లరాతి మెట్లు, లెక్క పెట్టి కోసినట్టు అంచెలంచెలుగా కిందికి దిగుతాయి. దగ్గరగా చూస్తే రాళ్ల మీద ఏ రాయి ఏ వరసలో రావాలో చెక్కిన గుర్తులున్నాయి. అంటే ఎక్కడో చెక్కి, గుర్తు వేసి, ఇక్కడికి తెచ్చి అమర్చారు. దాని వైపు స్తంభాల మీద రాతి తొట్టె కాలువ ఒకటి వస్తుంది. మావయ్య ఆ తొట్టె వెంబడి నడుచుకుంటూ వెనక్కి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చి, "ఎత్తు సరిపోయింది," అన్నారు. కోనేరు అందం గురించి ఆయన అన్నది ఆ ఒక్క మాటే. నాకు అది ఏ గైడు మాటకన్నా ఎక్కువ అనిపించింది.

పదకొండుకు ఎండ బాగా ఎక్కింది. అక్కణ్నుంచి హంపి వైపు చాలా వరకు దిగుడు, బ్రేకుల మీద చెయ్యి పెట్టుకుని వెళ్లొచ్చు. దారిలో నేలమట్టానికి కింద ఉన్న శివాలయం ఉంది, ప్రసన్న విరూపాక్షుడు. లోపల నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, చెప్పులు విప్పి చీలమండల దాకా నడిచాం. బయట కాలిపోతున్న రాయి, లోపల చల్లటి నీళ్లు. గబ్బిలాల వాసన భరించగలిగితే ఎండలో తిరిగే మనిషికి ఇంతకన్నా సుఖం లేదు.

ఇంకాస్త దిగితే లక్ష్మీనరసింహుడు. 1528లో కృష్ణదేవరాయల కాలంలో ఒకే రాతిలో చెక్కిన విగ్రహం, ఇరవై అడుగులకు పైనే. ఒడిలో లక్ష్మి లేదు, విరిగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం స్వామి వీపు వెనక మిగిలింది. ఆ చెయ్యి చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనే బడవిలింగం. చిన్న గర్భగుడి, పైన కప్పు లేదు, లింగం ఎప్పుడూ నీళ్లలోనే. కాలువ నీళ్లు ఆ గుడిలోంచే పోతాయి. మావయ్య చెయ్యి ముంచి, అక్కడి వాచ్‌మన్‌ను ఇది ఏ కాలువ అని అడిగారు. తుర్త కాలువ అని చెప్పాడాయన. ఈ లోయలోని అరటి తోటలన్నీ దాని కిందవే. పొద్దున్నుంచి అప్పుడే మొదటిసారి మావయ్య దేవుడికి దండం పెట్టడం చూశాను.

కృష్ణాలయం దగ్గర నా వంతు. కృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల మీద ఉదయగిరి గెలిచి, అక్కడి నుంచి బాలకృష్ణుడి విగ్రహం తెచ్చి ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఆ ఉదయగిరి మన నెల్లూరు జిల్లాదే. విగ్రహం ఇప్పుడు గుళ్లో లేదు, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఖాళీ గర్భగుడి ముందు ఈ కథ మావయ్యకు చెప్పాను. "మనలాగే అటు నుంచి వచ్చాడన్నమాట," అన్నారాయన. గుడి ఎదురు రోడ్డు దాటితే పాత అంగడి వీధి, దాని పక్కన కోనేరు, దాన్ని ఆనుకుని అరటి తోటలు. గుడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అటు దిగకుండానే వెళ్లిపోతున్నారు. దయచేసి దిగండి.

హంపిలో విరూపాక్షుడి దర్శనం, భోజనం, గంటసేపు నీడలో పడక. భోజనం ఇద్దరికీ 260. ఈ గంట విశ్రాంతి తప్పనిసరి అని చెబుతున్నాను, ఎందుకంటే రోజు మొత్తంలో కష్టమైన ముక్క దీని తర్వాతే. హంపి నుంచి తళారిఘట్ట వెళ్లాలంటే రోడ్డు మీద మళ్లీ కమలాపురం దాకా రావాలి. పొద్దున హాయిగా దిగిన దారి ఇప్పుడు ఎక్కాలి, అదీ రెండింటి ఎండలో. నేను చిన్న గేరు వేసుకుని మెల్లగా ఎక్కాను, ఊపిరి అందక రెండు చోట్ల ఆగాను. మావయ్య దిగి సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి పైకి చేరాం. ముఖం ఎర్రగా కందిపోయింది. నీళ్లు మనిషికి రెండు లీటర్లు అప్పటికే అయిపోయాయి. ఉప్పు కలిపిన మజ్జిగ ఒక్కొక్కరం రెండు గ్లాసులు తాగాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

కమలాపురం నుంచి తళారిఘట్టకు మళ్లీ తేలిక. పాత కోట వాకిలి కిందనుంచి రోడ్డు వెళ్తుంది. విఠలాలయానికి వాహనాలు చివరిదాకా పోనివ్వరు, బ్యాటరీ బండ్లున్నాయి. సైకిళ్లు పార్కింగ్‌లో పెట్టి బండి కోసం ముప్పై ఐదు నిమిషాలు లైనులో నిలబడ్డాం. పండగ తర్వాతి శనివారం, కర్నూలు, అనంతపురం నుంచి వచ్చిన బస్సులే ఎక్కువ, లైనంతా తెలుగే. రాతిరథం యాభై నోటు మీద ఉండేదే కాబట్టి పిల్లలందరి చేతుల్లో యాభై నోట్లు. చుట్టూ తాడు కట్టారు, ముట్టుకోనివ్వరు. స్తంభాల మీద కొట్టి సంగీతం వినడమూ కుదరదు. అదే మంచిది.

నాలుగు కావస్తుండగా పుట్టి రేవుకు చేరాం. అవతల ఒడ్డున ఆనెగొంది కనిపిస్తూనే ఉంది. పుట్టి మాత్రం లేదు. యాభై నిమిషాలు రాయి మీద కూర్చున్నాం. ఆ కూర్చున్న చోటికి ఎదురుగా, నదిలో సగంలో ఆగిపోయిన వంతెన గుర్తులు ఉన్నాయి. 2009 జనవరి 22న కడుతుండగానే ఆ వంతెన కూలి, పనిచేస్తున్న కూలీలు చనిపోయారు. అంతకుముందు ఇక్కడ కడుతున్న వంతెనల వల్లే 1999లో హంపి, ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల యునెస్కో జాబితాలోకి వెళ్లింది, 2006లో బయటపడింది. పడవ కోసం విసుక్కుంటున్న నేను అది గుర్తొచ్చాక ఊరుకున్నాను. అయితే అవతల ఊళ్లవాళ్లకు ఆస్పత్రికో కాలేజీకో వెళ్లాలంటే దగ్గరి దారి ఇన్నేళ్లు లేకపోవడం కూడా చిన్న కష్టం కాదు. క్యాంపు మనిషిగా మావయ్య ఆ సంగతి వాళ్ల వైపు నుంచే మాట్లాడారు.

పుట్టి వచ్చింది. వెదురు అల్లిక, కింద ప్లాస్టిక్ పట్టా, తారు పూత. మనిషికి 50, సైకిల్‌కు 50. లైఫ్ జాకెట్ అడిగితేనే ఇచ్చారు, అడగండి. సైకిళ్లు పడుకోబెట్టి, వాటి చుట్టూ మేము కూర్చున్నాం. నా సైకిల్ పెడల్ పట్టాకు గుచ్చుకుంటుందని పడవ నడిపే ఆయన తన తువ్వాలు చుట్టాడు. కృష్ణదేవరాయల రోజుల్లో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇక్కడి గుండ్రటి బుట్ట పడవల గురించి రాశాడు. అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా వాటిలో దాటించేవారట. ఎద్దునే దాటించిన పుట్టిలో సైకిల్ ఎంత అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. నది మధ్యలో పుట్టి మెల్లగా తిరిగినప్పుడు ఒక్క క్షణం భయం, తర్వాత చెప్పలేనంత ఆనందం. చెయ్యి చాచి నీళ్లు తాకాను. మావయ్య గట్టిగా నవ్వారు.

సైకిల్ తిరిగిచ్చేటప్పుడు చిన్న గొడవైంది. పంక్చర్ వేయించాం కాబట్టి ట్యూబ్ పాడైందని 300 పట్టుకుంటానన్నారు. మడ్‌గార్డ్ మీద గీత కూడా మా లెక్కలో వేశారు. ముందు రోజు తీసిన ఫోటోలో ఆ గీత ఉంది. చూపించాక డిపాజిట్ మొత్తం ఇచ్చారు.

మర్నాడు కాళ్లు పెద్దగా నొప్పి లేవు. అరచేతులు, భుజాలు, నడుం కింది భాగం నొప్పి. మెత్తటి గ్లౌజులు ఉంటే చేతుల బాధ తగ్గేది. అంజనాద్రి మెట్లు మర్నాడు కాకుండా ఆ తర్వాతి రోజు ఎక్కాం. షుగర్ సంగతి డాక్టరు చూడాల్సిందే గానీ, ఆ రాత్రి పడుకున్నంత నిద్ర నాకు ఈ మధ్య పట్టలేదు.

హైదరాబాద్ నుంచి గంగావతికి రాను పోను రాత్రి బస్సు కాక, ఆ ఒక్క రోజుకు గది, అద్దె, టికెట్లు, తిండి, పుట్టి అన్నీ కలిపి ఇద్దరికీ మూడు వేల లోపే అయింది. మొదటిసారి వెళ్లేవాళ్లు మేము వెళ్లిన వైపే వెళ్లండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ట్రాక్టర్ల రోడ్డు అయిపోతుంది, నది దాటడం చివరికి మిగులుతుంది. అయితే డ్యాం నుంచి నీళ్లు ఎక్కువ వదిలిన రోజుల్లో పుట్టి నడవదు. బయలుదేరే ముందు ఆనెగొందిలోనే ఎవరినైనా అడిగి తెలుసుకోండి. నాలుగున్నర దాటాక తళారిఘట్టలో పుట్టి కనిపించకపోతే ఎదురుచూడొద్దు, వెంటనే బుక్కసాగరం మీదుగా కడేబాగిలు వంతెన వైపు తిరగండి. ఆ దారిలో రాత్రి దీపాలు లేవు, చెరుకు ట్రాలీలకు వెనక లైట్లు ఉండవు. సైకిల్‌కు ముందొకటి, వెనకొకటి లైటు తప్పకుండా పెట్టుకోండి.